ఇత్తడి రేకు మీద ఎన్ని అక్షరాలు

పురపాలక సంఘం ఉత్తరంలో ఇంతే ఉంది:
"రేవులో బొమ్మ కింద ఇత్తడి రేకు బిగిస్తున్నాం.
దాని అర్థం రాసివ్వండి. నాలుగు పంక్తులు దాటొద్దు."
చెక్కే సెల్సో అక్షరానికింత అని కడతాడు,
ఖాళీ జాగాకి మాత్రం డబ్బు తీసుకోడు.

నేను కల్తావె బళ్లో లెక్కలు చెప్పేదాన్ని.
దస్తూరి బాగుంటుందని నాకు తగిలించారు.

ముప్పయ్యేళ్లుగా చూస్తున్నానామెను.
సైప్రస్ మొద్దులోంచి నడుం దాకా బయటికొచ్చి
ఆ కింద అలల చుట్టలో కలిసిపోయిన మనిషి.
ముక్కు లేదు. ఒక కన్ను నీలం,
రెండోదాని రంగు వాన నాకేసింది.
చిలోయె దీవిలో వాన దేన్నైనా నాకుతుంది.
ఎడమచెయ్యి పొట్ట మీద.
కుడిచెయ్యి చాపి, అరచెయ్యి సముద్రం వైపు.
ఊరి వాదులాటంతా ఆ అరచేతి గురించే.

ఆగమంటోంది, అన్నాడు రెమీహియో,
ఆల్చిప్పల కోసం మునిగి మునిగి
రెండు చెవులూ నీళ్లకిచ్చేసినవాడు.
మా నాన్న రోజుల్లో నేల కదిలి,
సముద్రం వెనక్కి తగ్గి, కొండై తిరిగొచ్చినప్పుడు
ఆమె ముందుకొచ్చి ఆగింది నీరు.
(చర్చి గోడ మీది నీటి గీత ఇంకోలా చెబుతుంది.
నేనేమీ అనలేదు.
అన్నా అతనికి వినపడదు.)

రమ్మంటోంది, అంది లుదొవీనా మంత్రసాని.
పొట్ట మీద చెయ్యి చూడు, ఏడో నెల.
వచ్చే బిడ్డకి మేం ఇలాగే పడతాం చెయ్యి,
అంటూ తన చెయ్యి పట్టి చూపించింది.
వెల్లుల్లి వాసన.

అడుక్కుంటోంది, అన్నాడు గంటలు కొట్టే అన్సెల్మో.
దేన్నని అడిగితే
తాడు వదిలి భుజాలెగరేశాడు,
పైన గంట ఒకటి ఎక్కువ మోగింది.

మూడు మాటలూ కాయితం మీద రాసుకుని
అక్షరాలు కూడుతూ కూర్చున్నాను.
ఆరో తరగతి యెర్కో తడిసిన బూట్లతో వచ్చి
"టీచర్, దానికి ఆరు వేళ్లు" అన్నాడు.

గొడుగు పట్టుకుని వెళ్లాను. మూసేసి నిలబడ్డాను.
ఒకటి, రెండు.
ఆరు.
చిటికెనవేలి పక్కన ఇంకో బుల్లి వేలు,
గోరు కూడా చెక్కాడు మహానుభావుడు.
ముప్పయ్యేళ్లు. లెక్కల టీచర్ని.

చెక్కినవాడి మనవరాలు ఫ్రెసియా నవెల్కిన్
కొయ్యకాళ్ల మీద నిలబడ్డ ఇంట్లో ఉంటుంది.
పోటు వేళకి గచ్చు కింద నీళ్లు మాట్లాడుతుంటాయి.
బంగాళాదుంపలు తొక్కతీస్తూ విన్నది మొత్తం.
తర్వాత కత్తి పక్కన పెట్టి
చెయ్యి తిప్పింది.
చిటికెనవేలి పక్కన
బియ్యపుగింజంత మచ్చ.

"మా ఇంటి ఆడపిల్లలకి పుడుతుంది.
మూడో రోజు దారం కడతారు.
పదో రోజుకి రాలిపోతుంది.
తాత ఒక్కదానికి ఉంచాడు."

ఎవరికని అడిగాను.
"ఏమో. నానమ్మకో, చనిపోయిన మేనత్తకో.
ఓడవాళ్లు చేయించుకుని డబ్బివ్వలేదు, బొమ్మ మిగిలింది.
చాలాకాలం మా పడవల కొట్టంలో
మొహం గోడకి పెట్టుకుని ఉండేది.
బజారు కట్టినప్పుడు మీవాళ్లే
సముద్రం వైపు తిప్పారు."

దారం ఎవరు కట్టేవాళ్లని అడగలేదు.
ఈ ఊళ్లో మంత్రసానితనం ఒక్క ఇంటిదే.
దుంపల తొక్కలు కాగితంలో చుట్టిచ్చింది,
మా కోళ్లకని.

రెమీహియో ఇప్పటికీ పడవ తోసేముందు
ఆ చేతిని తాకిగాని వెళ్లడు.
ఆ చోట కర్ర నున్నగా మెరుస్తుంది.
అది కూడా అబద్ధమని ఎలా అనను.

సెల్సో నా కాయితం దీపం కిందికి జరిపాడు:
సైప్రస్ కర్ర. నవెల్కిన్ ఇంటి పని.
వేళ్లు లెక్కపెట్టండి.

"ఇంతేనా? అర్థం ఏదీ? సగం రేకు మిగిలిపోతుంది."

మిగలనీ అన్నాను.
ఉప్పుగాలికి ముందు
ఆ సగమే పచ్చబడుతుంది.